ఎల్వా పొయ్యి, థర్లో టేకు చేప

మా చిత్తడి దీవిలో ఎల్వా మీకిన్స్ అంత పొగరుబోతు వంటమనిషి లేదు, అంత రుచిగా వండేవాళ్లూ లేరు. ఏటా ఫిబ్రవరిలో ఫైర్ స్టేషన్ హాల్లో ఊరంతా కలిసి తినే విందుకు పెద్ద పొయ్యి ఆమెది. ఆ పొయ్యి పోతే ఊళ్లో తనను ఎవరూ పట్టించుకోరని ఆమె భయం. బురదలో ఉచ్చుల్లో పడ్డ మస్క్‌రాట్ అనే నీటి ఎలుకలను తలతో సహా, ఉల్లిపాయలు వేసి ఉడికిస్తుంది. వాటి కాళ్ల సందుల్లో ఉండే కస్తూరి గ్రంథి ఒక్కటి మిగిలినా గుండిగంతా కంపే. ఆమె చేతిలో ఒక్కటీ మిగలదు.

ఆమె మరిది థర్లోది ఆల్చిప్పల సాగు. వేసవిలో చాపలా పరుచుకుని ఈదే టేకు చేపలు గుంపులుగా వచ్చి ఆ పంటను నమిలేస్తాయి. ఆ కసితో వాటినే పట్టి ఫ్రీజర్‌లో దాచి, విందు ముందు నోరు జారాడు.

“వదినా, నీ ఎలుక కంటే నా టేకు నయం. పళ్లెంలోంచి పళ్లు ఇకిలించదు.”

“తోకకు ముల్లుంది కదయ్యా. తినడానికా, పోట్లాడ్డానికా?”

“పందెం. ఎవరి గుండిగ ముందు ఖాళీ అయితే వచ్చే ఏడు పొయ్యి వాళ్లది.”

సరేనంది. విందు రోజు పొద్దున అతను తెచ్చిన టేకు మాంసం వాసన చూసి ముక్కు చిట్లించింది.

“పట్టగానే రక్తం తీయలేదు కదూ? ఎలుకకి గ్రంథి, దీనికి రక్తం. తీయకపోతే రెండూ ఒకటే. పాలలో నానబెట్టు.”

పక్కనే ఉల్లిపాయలు తరుగుతున్న నాకు ఒళ్లు మండింది. “నీ పొయ్యి పోగొట్టుకోడానికి నువ్వే సాయం చేస్తావా?” అన్నాను.

“కంపు కూర మీద గెలిస్తే అదీ ఒక గెలుపేనా?”

సాయంత్రానికి రెండు గుండిగల్లోనూ ఒక్కో గిన్నెడు మిగిలింది. అందరూ తిని కూర్చున్నారు. అప్పుడు ఎల్వా థర్లో గుండిగలోంచి ఒక ముక్క రుచి చూసి, గిన్నె చాపింది.

“అది తీసుకుంటే నువ్వే ఓడిపోతావు వదినా,” అన్నాడు థర్లో.

“తెలుసు. బాగుంది, ఏం చేయను? వడ్డించు.”

అతను గుండిగ ఊడ్చి పెట్టాడు. ఆమె ఏప్రన్ విప్పి అతని మెడలో వేసింది. ఇన్నేళ్లలో మొదటిసారి బల్ల దగ్గర అందరి మధ్య కూర్చుంది. ఆమెకు చోటివ్వడానికి మేమంతా జరిగాం.

“నిలబడి చూస్తావేం థర్లో, రొట్టె పట్రా,” అంది.