మిగిలిపోయిన టైమౌట్

నవూమ్ మాస్టారు మా జాహ్లే ఊరి బళ్లో ఫిజిక్స్ చెప్పేవారు. సాయంత్రాలు మా ఊరి బాస్కెట్‌బాల్ క్లబ్బు బెంచీ మీద, కోచ్ రేమోన్ పక్కన కూర్చునేవారు. అక్కడ ఆయన పని ఒక్కటే, కోచ్ కాసేపు ఆట ఆపించుకునే టైమౌట్లు ఎన్ని మిగిలాయో చూసుకోవడం. మా హాలు స్కోరుబోర్డులో సగం బల్బులు వెలగవు. అందుకని కోచ్ తల తిప్పి ఆయన్నే అడిగేవాడు, ఆయన వేళ్లు చూపించేవారు. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారీ తప్పు చెప్పలేదు.

ఆ ఏడు లీగ్ ఫైనల్‌కి వచ్చాం. అయిదు ఆటల సిరీస్‌లో చెరో రెండు గెలిచాం. ఊరు రెండు పార్టీలైంది. ఆ రెండూ కొట్టుకోవడానికి నా మంగలి షాపే దొరికింది.

"ఎవడెటు పరిగెత్తాలో రేమోన్ బోర్డు మీద గీసే గీతలు లేకపోతే మీ జాద్ ఎందుకూ పనికిరాడు."

"గీతలతోనే గెలిచేస్తామా? మా మనవరాలు ఇంటి గోడంతా గీసిపెట్టింది. పట్టుకుపో, కప్పు తెచ్చుకో!"

జాద్ మా స్టార్. చెప్పిన మాట వినడు, వినకుండానే గెలిపిస్తాడు. మాస్టారు నా కుర్చీలో కూర్చుంటే చాలు, రెండు పార్టీలూ ఆయన మీద పడేవి. "నాకెందుకయ్యా, నేను టైమౌట్లు చూసుకునేవాణ్ని" అని తప్పించుకునేవారు. కానీ జాద్ పేరెత్తితే సబ్బు నురగ కింద ఆయన బుగ్గలు నవ్వుతో కదలడం నాకు తెలిసేది.

చివరి ఆటలో పన్నెండు సెకన్లు మిగిలాయి. అవతలివాళ్లు బుట్టలో వేసి ఒక్క పాయింటు ముందుకెళ్లారు. నేను బెంచీ వెనక వరసలోనే ఉన్నాను. ఒళ్లో బోర్డుతో ఉన్న రేమోన్ "మాస్టారూ, ఒకటుందా?" అని అరిచాడు.

ఒకటి ఉంది. మాస్టారు జాద్ వైపు చూశారు. వాడు మోకాళ్ల మీద చేతులానించి ముందుకు వంగి ఉన్నాడు, పరుగుకు సిద్ధమైనట్టే ఉన్నాడు. మాస్టారు పిడికిలి బిగించి చూపించారు. లేదని.

ఆట ఆగలేదు. జాద్ ఇద్దర్ని దాటుకుని గాల్లోకి లేచాడు. బంతి రింగుదాకా కూడా పోలేదు. ఓడిపోయాం.

మర్నాడు పొద్దున మాస్టారు షాపుకొచ్చి, నాకంతా చెప్పేశారు. "నాతో రా. ఒక్కణ్నీ వెళ్లలేను" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది, అయినా వెళ్లాను.

రేమోన్ ఇంట్లో ఆయన నిలబడే చెప్పారు. "టైమౌట్ ఉంది, రేమోన్. నేనే లేదన్నాను."

కేకలేస్తాడనుకున్నాను. కాఫీ పోసి మా ముందు పెట్టాడు. తర్వాత "ఎందుకు?" అన్నాడు.

"నువ్వు గీతలు గీసి వాణ్ని కట్టేస్తావని. వాడి ఆట వాణ్ని ఆడనివ్వవని."

"బంతి జాద్‌కే ఇమ్మనేవాణ్ని మాస్టారూ, ఇంకెవడికిస్తాను? వాడి కాళ్లలో సత్తువ లేదు. మోకాళ్లు పట్టుకుని నిలబడ్డాడు, మీరూ చూశారుగా? ఒక్క నిమిషం కూర్చోబెట్టి నీళ్లు తాగించేవాణ్ని. అంతే."

మాస్టారు కాఫీ ముట్టలేదు.

రేమోన్ మళ్లీ బెంచీ మీదికి రమ్మన్నాడు, మాస్టారే వెళ్లలేదు. ఇప్పుడు ఆట ఉన్న రోజున నా పక్క సీట్లో కూర్చుంటారు. మా వాళ్లు టైమౌట్ తీసుకోగానే అందరం కోచ్ ఏం గీస్తున్నాడోనని మెడలు చాస్తాం. మాస్టారు మాత్రం జాద్ నీళ్లు తాగడం అయ్యేదాకా వాణ్నే చూస్తారు.