పిసికి ఇవ్వని పండు

మా ఇంట్లో రసం పండు ఎవరికి వాళ్ళు పిసుక్కోరు. ఇంటి పెద్ద పిసికి ఇవ్వాలి. బక్కెట్టు నీళ్ళలో నానేసిన చిన్న రసాల్లోంచి ఒకటి తీసి, రెండు అరచేతుల మధ్య దొర్లిస్తూ, తోలు చిట్లకుండా లోపలంతా రసమయ్యేదాకా నొక్కి, ముచ్చిక తీసి, పెదవి పొక్కించే జీడి ఉంటుందని మొదటి చుక్కలు నేలమీద పిండేసి, అప్పుడు చేతిలో పెడతాం. మా నాన్న చేసేవాడు. ఆయన పోయాక నేను చేస్తున్నాను. తోట బేరానికి వచ్చినవాళ్ళకీ, ఆఫీసర్లకీ మాత్రం బంగినపల్లి ముక్కలు కోసి, ప్లేట్లో ఫోర్కు పెట్టి ఇస్తాం. ఇలా చెయ్యాలని ఎవరూ ఎవరికీ చెప్పింది లేదు.

మొన్న ఎండాకాలం చివర్లో, మా అమ్మాయి చేసుకుంటానన్న అబ్బాయీ వాళ్ళమ్మగారూ మా ఇంటికి వచ్చారు. ముసునూరు వాళ్ళు. ఆదివారం కాబట్టి చర్చిలో ప్రార్థన ముగించుకుని అటునుంచి అటే వచ్చారు. అబ్బాయి మైలవరంలో, మా అమ్మాయి పనిచేసే కాలేజీలోనే లెక్చరరు. ఆవిడ టీచరుగా చేసి రిటైరయ్యారు. మా వాళ్ళలో కొందరు మొహం చిట్లించినా నేను ఒప్పుకున్నాను. ఒప్పుకున్నానని నలుగురికీ చెప్పుకున్నాను కూడా. సైన్సు మాస్టారిని. కులం పట్టింపు నాకు లేదని స్టాఫ్ రూములో నేను చెప్పినన్నిసార్లు ఇంకెవరూ చెప్పి ఉండరు.

భోజనాలయ్యాక వరండాలో కూర్చున్నాం. బక్కెట్టు కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. ఎప్పుడూ మొదటి పండు అమ్మాయిదే. ఇచ్చాను. ఇంకోదాని కోసం నీళ్ళలో చెయ్యి పెట్టాను. ఎదురుగా అబ్బాయి జేబురుమాలుతో చేతులు తుడుచుకుని, అరచెయ్యి చాపి నవ్వుతూ చూస్తున్నాడు. నేను నీళ్ళలోంచి చెయ్యి తీసి, తువ్వాలుకి తుడుచుకుని, లోపలికి వెళ్ళి, బంగినపల్లి కోసి, ఫోర్కులు వెతికి, రెండు ప్లేట్లతో తిరిగి వచ్చాను. చాపి ఉన్న ఆ అరచేతిలో ఒక ప్లేటు పెట్టాను.

"అయ్యో, మీకెందుకు శ్రమ అన్నయ్యగారూ" అన్నారావిడ.

"పర్లేదు మేడమ్, తీసుకోండి" అన్నాను.

అన్నయ్యగారూ అన్న మనిషిని మేడమ్ అన్నానని కూడా అప్పుడు నాకు తెలియలేదు. అమ్మాయి తన పండు తినకుండా పిట్టగోడ మీద పెట్టేసింది. తర్వాత అందరం ఎండల గురించీ, ఈసారి కాపు గురించీ మాట్లాడుకున్నాం. అబ్బాయి ముక్కలన్నీ తిని, బావున్నాయండీ అన్నాడు. వాళ్ళ బండి మలుపు తిరిగేదాకా అమ్మాయి గేటు దగ్గరే నిలబడి, లోపలికి వచ్చి తలుపేసింది.

"అతనికి ఎందుకు పిసికి ఇవ్వలేదు నాన్నా?"

"ఏంటి?" అన్నాను. నిజంగానే అర్థం కాలేదు.

"మా నాన్న నీ చేతిలో పండు పెడితే నువ్వు మా ఇంటివాడివైపోయినట్టే అని చెప్పి తీసుకొచ్చాను. చెయ్యి చాపుకుని కూర్చున్నాడు."

"ఏదో పరాకులో ఉన్నానమ్మా."

"పరాకులో ఉన్నవాళ్ళు ఫోర్కులు వెతికి తేరు."

"అలవాటే తల్లీ. కొత్తవాళ్ళు కదా అని."

"పోయినేడు పెద్దనాన్న కూతుర్ని చూడ్డానికి వచ్చినవాళ్ళూ కొత్తవాళ్ళే. ఆ పెళ్ళికొడుకు వద్దు మొర్రో అంటున్నా వినకుండా పిసికి పిసికి ఇచ్చారు."

"తెలిసి చెయ్యలేదే. అసంకల్పితంగా జరిగిపోయింది."

ఆ మాట తనకి నేర్పింది నేనే. నా క్లాసులోనే చదువుకుంది.

"ముల్లు గుచ్చుకుంటే మనకి తెలిసేలోపే కాలు వెనక్కొస్తుంది, అదీ అసంకల్పితమంటే అని చెప్పారు. అతను ముల్లా నాన్నా?"

వంటింట్లోంచి నా భార్య "ఇంక చాల్లేవే" అనబోయి ఆగిపోయింది.

"పెళ్ళి ఆగదు. రిజిస్ట్రారాఫీసులో చేసుకుంటాం. కానీ అతన్ని మళ్ళీ ఈ గుమ్మం తొక్కనివ్వను. నోటితో రమ్మని చేత్తో పొమ్మనే ఇంటికి నేనూ రాను."

మర్నాడు మైలవరంలో తన హాస్టలుకి వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నేనన్న మాటలూ, అనబోయిన మాటలూ నన్ను పట్టుకున్నాయి. పరాకు, అలవాటు, అసంకల్పితం, అప్రయత్నం, యథాలాపం. ఒక్కొక్కటీ తిప్పి చూశాను. అన్నిట్లోనూ పని జరిగిపోతుంది, చేసిన మనిషి మాత్రం ఉండడు. అందుకే నాకు అంత సులువుగా నోటికొచ్చాయి.

కానీ ఆ చెయ్యి ఆ ఒక్క మధ్యాహ్నం నేర్చుకున్నది కాదు. ముసునూరు స్కూల్లో పనిచేసిన రోజుల్లో, బడి మానేసిన పిల్లల కోసం వాళ్ళ చర్చి వీధికి వెళ్ళేవాణ్ణి. మండుటెండ. గుమ్మంలో అడుగుపెట్టగానే గ్లాసుతో నీళ్ళు తెచ్చేవారు. "ఇప్పుడే తాగానమ్మా" అనేవాణ్ణి. గొంతు ఎండిపోతున్నా ఆ మాటే వచ్చేది. బండి సంచిలో ఇంటి నీళ్ళ సీసా ఉండేది. ఏ ఒక్క రోజూ, ఎందుకు అని నన్ను నేను అడుక్కోలేదు. అడగకపోవడమే నా తప్పు.

రసాలు అయిపోవస్తున్నాయి. ఒక్క వాన పడితే కాయలో పురుగు చేరుతుంది. మబ్బు పట్టిన రోజున, చివరి చెట్టు కాయల్లో ముగ్గినవి ఏరి బుట్టలో వేసుకుని, చెప్పకుండా ముసునూరు వెళ్ళాను. ఆవిడే తలుపు తీశారు.

"కాసిని మంచినీళ్ళిస్తారా చెల్లెమ్మగారూ" అన్నాను. గ్లాసు ఖాళీ చేసి, ఒక బక్కెట్టు నీళ్ళు కూడా అడిగాను.

అబ్బాయి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఈసారి చెయ్యి చాపలేదు. పండు తీసి పిసకడం మొదలుపెట్టాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చేస్తున్న పని. నా వేళ్ళని నేనే కాపలా కాస్తుంటే అవి పని మర్చిపోయాయి. తోలు చిట్లి రసం అతని తెల్లచొక్కా మీద పడింది.

"క్షమించు బాబూ. ఆ రోజు..."

"ప్లేటు పెట్టినప్పుడే తెలిసిందండీ" అన్నాడు.

పర్లేదు అనలేదు. కాసేపయ్యాక బుట్టలోంచి తనే ఒక పండు తీసి, ఎగుడుదిగుడుగా పిసికి, ముచ్చిక ఊడబెరికి నాకు అందించాడు. మొదటి చుక్కలు పిండలేదు. కంగారులో మర్చిపోయాడేమో.

నా చెయ్యి సగంలో ఆగింది. జీడి గురించి ఆగిందో, ఇంకోదాని గురించో ఇప్పటికీ చెప్పలేను. ఆగడం అతను చూశాడు. అతను చూడటం నేను చూశాను. పండు తీసుకుని, టెంక తెల్లబడేదాకా తిన్నాను. పెదవి మండింది.

సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసింది.

"తిన్నారంట."

"తిన్నాను."

"చెయ్యి ఆగిందంట."

"ఆగిందమ్మా."

"మరెలా తిన్నారు?"

"ఆలోచించుకుని తిన్నాను."

"పెదవికి కొబ్బరినూనె రాసుకోండి" అంది. "ఆదివారం వస్తాం."