గోడ దిగిన గిటార్

ఆ వీధి మొత్తానికి సంగీత వాయిద్యాల షాపు ఒక్కటే. అందులో గిటార్లు చూసుకునే ఆవిడ అసలు పేరు ఓనరుకైనా గుర్తుందో లేదో. ఊళ్ళో గిటార్ పట్టుకున్న ప్రతివాళ్ళకీ ఆవిడ ట్యూనింగక్క. తల నెరిసినవాళ్ళు కూడా అలాగే పిలిచేవాళ్ళు. మొదట్లో ఉడుక్కుంది, తర్వాత ఊరుకుంది. ఇంట్లో మొగుడు కూడా ఒకసారి నోరు జారి అక్కా అన్నప్పుడు మాత్రం ఆ పూటంతా అతనితో మాట్లాడలేదు.

నోరు కాస్త దురుసు. ఎర్ర గిటారే కావాలని పట్టుబట్టిన కాలేజీ కుర్రాణ్ణి, "రంగు కావాలంటే పక్కన పెయింట్ల షాపుంది నాయనా" అని పంపేసిన మనిషి. అయినా జనం ఆవిడ కోసమే వచ్చేవాళ్ళు. ఆవిడ గిటార్ అంటగట్టదు, మన చేతికి తగ్గది వెతికి పెడుతుంది అని పేరు. ఆ పేరంటే ఆవిడకి ప్రాణం. ఆ పేరుకి ఆవిడే ఎలా ద్రోహం చేసిందో చెప్పడానికే ఇదంతా.

ఆవిడ పద్ధతి వేరు. బల్ల సొరుగులో విరిగిపోయిన గిటార్ల నెక్ ముక్కలు దాచుకునేది. నెక్ అంటే ఎడమచేత్తో పట్టుకునే పొడుగాటి భాగం. ఒక ముక్క గుండ్రంగా, లావుగా ఉండేది. ఇంకొకటి పల్చగా, వెడల్పుగా ఉండేది. ఈ రెంటికీ మధ్యస్థంగా మరొకటి. కొనడానికి ఎవరొచ్చినా గోడ మీది గిటార్ల వైపు చూడనిచ్చేది కాదు. కళ్ళు మూసుకోమని ఒక్కో ముక్కా చేతిలో పెట్టేది. ఏది హాయిగా ఉందో వాళ్ళు చెప్పాక, అలాంటి నెక్ ఉన్నవే గోడ మీంచి దింపేది. "కళ్ళకి చూపిస్తే రంగు చూసి పడిపోతాయి, ముందు చేతిని అడగాలి" అనేది. ఆ సొరుగు ముందు ఎంతటివాళ్ళయినా కళ్ళు మూసుకుని బుద్ధిగా చేయి చాపాల్సిందే.

గోడ మీద అన్నిటికన్నా పైన ఒక కస్టమ్ గిటార్ వేలాడుతుండేది. ఎవరికో కావలసిన కొలతలతో, కోరిన చెక్కతో, చేత్తో చేయించే రకం. ఒక పళ్ళ డాక్టరు కోసం దాన్ని తెప్పించింది ట్యూనింగక్కే. డాక్టరు వేళ్ళు సన్నగా, పొడుగ్గా ఉండేవి. వాటికి సరిపోయేలా నెక్ ఎంత పల్చగా ఉండాలో, అంచులు ఎక్కడ తగ్గించాలో ఆవిడే దగ్గరుండి చెప్పింది. తయారై వచ్చేసరికి డాక్టరుకి గిటార్ పిచ్చి వదిలి సైకిల్ పిచ్చి పట్టుకుంది. గిటార్ షాపుకే మిగిలిపోయింది.

ఓనరు పల్లెత్తు మాట అనలేదు. అదే ఆవిడకి పెద్ద శిక్ష. రోజూ పొద్దున్నే షట్టరు తీయగానే ఆయన తలెత్తి ఆ గోడ వైపు చూసేవాడు, పెద్దగా నిట్టూర్చేవాడు, కుర్చీలో కూలబడేవాడు. ఆ నిట్టూర్పు విన్నప్పుడల్లా ఆవిడకి తల కొట్టేసినట్టుండేది. ఎలాగైనా ఆ గిటార్‌ని గోడ దింపితే చాలనుకునేది.

అలాంటి రోజుల్లో డ్రైవరు గారు వచ్చారు. జీవితమంతా సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆదివారాలు డిపో స్నేహితులతో కలిసి పాత పాటలు వాయిస్తారు. ఇన్నేళ్ళూ ఎవరో ఒకరి గిటార్ అరువు తెచ్చుకునే వాయించారు. ఇప్పుడు కూతురు, "ఇకనైనా నీకంటూ ఒకటి కొనుక్కో నాన్నా" అని వెంటపడిందట. షాపులో ఎక్కడ నిలబడాలో తెలియనట్టు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఆవిడ కళ్ళు మూయించి ముక్కలు చేతిలో పెట్టింది. లావుపాటి ముక్క తగలగానే ఆయన వేళ్ళు దాన్ని చుట్టేశాయి. బొటనవేలు దానంతట అదే పైకొచ్చి కూర్చుంది. "ఇది గేరు రాడ్డు పట్టుకున్నట్టుందమ్మా" అన్నారు. అంత పెద్ద చేతికి అది కాక ఇంకేం నప్పుతుంది?

అలాంటి నెక్ ఉన్నది షాపులో ఒకటుంది. రీఇష్యూ అంటారు. ఎప్పుడో ఆపేసిన పాత మోడల్ని అదే లావు, అదే రంగు, అవే బొత్తాలతో కంపెనీ మళ్ళీ తయారుచేసింది. డ్రైవరు గారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒక పాత పాట ఎత్తుకున్నారు. బిగుసుకుని ఉన్న భుజాలు మెల్లగా దిగాయి. ఆయన మొహం చూసి పక్కన కీబోర్డు బేరమాడుతున్నాయన కూడా మాట ఆపి విన్నాడు. ఇంకేం, పెట్టెలో పెట్టి చేతికిచ్చేస్తే సరిపోయేది.

అప్పుడే ఓనరు నిట్టూర్చాడు. ఆవిడ వెళ్ళి నిచ్చెన వేసుకుంది.

"దీన్ని కూడా ఒకసారి చూడండి బాబాయ్."

"ఇదే బాగుంది కదమ్మా."

"బాగుంది, కాదనను. కానీ అది కొత్తగా కట్టిన పాత బస్సు. చూడటానికి ముచ్చటగా ఉంటుందంతే. ఇది ఒక్కొక్క ముక్కా ఏరి చేత్తో చేయించింది. దీన్ని మించింది ఈ షాపులోనే లేదు."

ఆయన పట్టుకున్నారు. బొటనవేలు చోటు దొరక్క అటూ ఇటూ తచ్చాడింది. "కాస్త పల్చగా ఉందేమో" అన్నారు మొహమాటంగా.

"కొత్త బండి ఎక్కిన రోజు స్టీరింగు మీకు కొత్తగా లేదూ? ఇదీ అంతే. నాలుగు రోజులు వాయిస్తే చేయి అదే దారికొస్తుంది."

డ్రైవరు గారు నవ్వేశారు. "నిజమేలే. నీకు తెలిసినంత నాకేం తెలుసు? నువ్వు ఏదంటే అదే."

అలా ఆయన భాషలోనే ఆయనకి టోపీ పెట్టింది. సొరుగూ, ముక్కలూ, చేతిని అడగడాలూ అన్నీ గంగలో కలిశాయి. తను అబద్ధమేమీ చెప్పలేదని ఆవిడ తనకి తాను నచ్చజెప్పుకుంది. అది మంచి గిటార్ కాదా? చాలా మంచి గిటారే. ఆయనకి కాదు, అంతే. మర్నాడు ఖాళీ అయిన మేకు చూసి హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఆ హాయి ఎన్నాళ్ళో నిలవలేదు.

ఆయన మళ్ళీ వచ్చారు. బొటనవేలి మొదట్లో పీకుతోందన్నారు. ఆవిడ తీగల ఎత్తు తగ్గించి పంపింది. మళ్ళీ వచ్చారు. ఈసారి గిటార్ తేలేదు. చేతులు చూపిస్తూ, "వీటికి వయసొచ్చేసిందమ్మా, ఇంత మంచి వస్తువుని సరిగ్గా వాయించలేకపోతున్నాను" అన్నారు. అప్పుడైనా చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. ఆయన చూపు తనని చీదరించుకుంటుందేమోనన్న భయంతో నీళ్ళు నమిలింది. "అలవాటవుతుంది బాబాయ్" అంది. ఆయన తలాడించి వెళ్ళిపోయారు. ఆ తర్వాత రాలేదు. రాకపోతే బాగుపడ్డారని అనుకోవడం ఎంత తేలిక! అలాగే అనుకుంది.

రెండు నెలలు గడిచాక ఆయన భార్య వచ్చింది. చేతిలో సంచీ, మొహంలో అలసట.

"నువ్వేనా అమ్మా ట్యూనింగక్కవి? మా ఆయన గిటార్ మీ దగ్గరే కొన్నారు. దాన్ని ఎవరికైనా ఇప్పించగలవా?"

"ఏమైంది పిన్నీ?"

"ఏమవుతుంది, ఆయన వేళ్ళు పోయాయట. స్నేహితులకి వేరే మనిషిని చూసుకోమని చెప్పేశారు. డాక్టరుకి చూపిస్తే ఏ జబ్బూ లేదన్నాడు. వింటేగా! అంత మంచి గిటార్ మీద కూడా పాట పలకట్లేదంటే లోపం నాలోనే ఉంది కదా అంటారు. రోజంతా వరండాలో రబ్బరు బంతి పిసుకుతూ కూర్చుంటున్నారు."

ట్యూనింగక్క "కనుక్కుని చెప్తాను పిన్నీ" అని మాత్రం అనగలిగింది. తను మెచ్చుకుని ఇచ్చింది కాబట్టే ఆయన గిటార్‌ని అనుమానించలేదు, తన చేతుల్నే అనుమానించుకున్నారు. ఆవిడ పొగిడిన ప్రతి మాటా వెళ్ళి ఆ ముసలాయన వేళ్ళకే తగిలింది. ఆ రోజు ఎవరు ఏ గిటార్ అడిగినా ఆవిడ సొరుగు తెరవలేకపోయింది. ఆ ముక్కలు ముట్టుకోవడానికి చేతులు రాలేదు.

ఇంటికెళ్ళి మొగుడికి చెప్పింది. అతను బట్టలు మడతపెడుతూ అంతా విన్నాడు.

"వెళ్ళి చెప్పేసెయ్."

"తిడతారు."

"తిట్టించుకో. అంతకన్నా సుళువు ఏముంది?"

మర్నాడు ఓనరు ముందు నిలబడింది. కస్టమ్ గిటార్ వెనక్కి తెచ్చి రీఇష్యూ ఆయనకి ఇస్తానంది.

"వాడినవి వాపసు తీసుకోము అని బోర్డు రాసిపెట్టింది నువ్వే కదా" అన్నాడు ఓనరు.

"నేనే. ఆ గిటార్ తెప్పించిందీ నేనే, ఆయనకి అంటగట్టిందీ నేనే. మళ్ళీ గోడెక్కిస్తాను. మీరు రోజూ దాన్ని చూసి నిట్టూర్చినా పడతాను."

ఓనరు తెల్లమొహం వేశాడు. "దాన్ని చూసి నేనెప్పుడు నిట్టూర్చాను?"

"రోజూ పొద్దున్నే."

"షట్టరు ఎత్తితే ఆయాసం వస్తుందమ్మా నాకు. ఒక్కోసారి ఊరికే కూర్చున్నా వస్తుంది. మందులు మింగుతున్నాను కదా. ఆ పైకి చూసేది గడియారం కోసం."

గిటార్ పక్కనే గడియారం ఉంది. ఇన్నాళ్ళూ ఉంది. ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఓనరు పోరు పడలేక చేశానని ఇప్పటిదాకా మనసుకి ఒక సాకైనా ఉండేది. ఇప్పుడు అదీ పోయింది. ఆయన ఇంకేమీ అడగకుండా, "తీసుకెళ్ళు" అన్నాడు.

రీఇష్యూని భుజాన వేసుకుని బస్సెక్కింది. డ్రైవరు గారిది మొదటి అంతస్తు. వరండాలో రెండు కుర్చీలు, తాడు మీద ఆరుతున్న చిన్న గౌన్లు. ఒక పసిపిల్ల గోడ పట్టుకోకుండానే తప్పటడుగులు వేస్తూ తిరుగుతోంది. కస్టమ్ గిటార్ గది మూలన, దుమ్ము పడకుండా ఉతికిన దుప్పటి కప్పుకుని ఉంది. డ్రైవరు గారు లేచి, "రామ్మా, రా" అని కుర్చీ జరిపారు. "నీ గిటార్‌కి న్యాయం చేయలేకపోయానమ్మా, ఏమీ అనుకోకు" అన్నారు.

ఆయన తనకి క్షమాపణ చెబుతుంటే ఆవిడ మనసు చచ్చిపోయింది. కూర్చోలేదు.

"బాబాయ్, మీ చేతుల్లో లోపం లేదు. ఆ గిటార్ వేరే చేతికి కొలిచి చేయించింది. మీకు నప్పదని ఆ రోజే నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను. మీరు మళ్ళీ మళ్ళీ వచ్చినప్పుడూ తెలుసు. అప్పుడూ చెప్పలేదు."

ఆవిడ సంచి తెరిచి రీఇష్యూ ఆయన చేతిలో పెట్టింది. బొటనవేలు పైకొచ్చింది. పాత పాట మొదలైంది. తడబడింది, మళ్ళీ మొదలైంది, ఈసారి తీగలు ఆగకుండా పలికాయి. ఆయన ఆపి తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నారు.

"అయితే నా వేళ్ళు బాగానే ఉన్నాయా?"

"బాగానే ఉన్నాయి బాబాయ్."

"బాగానే ఉన్నాయే" అని లోపలికి కేకేసి భార్యకి చెప్పారు. మళ్ళీ వాయించడంలో పడిపోయారు. తిట్టలేదు. ఎందుకు చేశావని కూడా అడగలేదు. ఆవిడ తిట్లకి సిద్ధపడి వచ్చింది, అవి పడితే బరువు కాస్త దిగుతుందనుకుంది. ఆ సంబరం చూస్తుంటే బరువు ఇంకా పెరిగింది. మూలనున్న గిటార్‌ని సంచిలో పెట్టుకుని, వెళ్ళొస్తానంది. ఆయన వాయిస్తూనే తలూపారు.

మెట్ల దాకా పిన్ని వచ్చింది. పసిపిల్ల కొంగు పట్టుకుని వెనకే నడిచింది.

"ఆయన నిన్ను ఏమీ అనరమ్మా. ఆయనకి అనడం రాదు."

"మీరనండి పిన్నీ."

"అనడానికేముంది? ఇది మా మనవరాలు. రోజూ ఆయన భుజం మీదే ఉండేది. వేళ్ళు పట్టు తప్పాయని, ఎక్కడ జారవిడుస్తానో అని, ఈ రెండు నెలలూ దాన్ని ఎత్తుకోవడం మానేశారు. అది చేతులు చాపి ఏడుస్తుంటే మొహం తిప్పుకునేవారు."

లోపల పాట ఆగింది. డ్రైవరు గారు గుమ్మంలోకి వచ్చి, వంగి, రెండు చేతులూ చాపారు. "రా తల్లీ, తాత ఎత్తుకుంటాడు."

పిల్ల ఆ చేతుల వైపు ఒకసారి చూసింది. కొంగు వదిలేసి, ఆయన పక్కనుంచి తనంతట తానే నడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. డ్రైవరు గారు నడక చూసి మురిసిపోయి చప్పట్లు కొట్టారు. ట్యూనింగక్క గిటార్ భుజాన వేసుకుని మెట్లు దిగింది.