టాపు లేని కారు, దస్తీ వేసిన సీటు

మొన్నామధ్య మిరుదొడ్డి బస్టాపులో నా కారులో నా సీటు నాకు రావడానికి పంచాయితీ పెట్టాల్సి వచ్చింది. నవ్వకండి. తాళంచెవి నా చేతిలోనే ఉంది. కారు నాదేనని అక్కడున్న వాళ్లందరూ ఒప్పుకున్నారు కూడా. అయినా పంచాయితీ తప్పలేదు. మొదటి నుంచి చెప్తాను, మీరు చాయ్ చల్లారకముందే తాగండి.

నేను మిరుదొడ్డిలో ఇంటర్ పిల్లలకు ఎకనామిక్స్ చెప్తాను. సిద్దిపేట నుంచి రోజూ బస్సులో పోయేదాన్ని, చాలాసార్లు నిలబడే పోయేదాన్ని. ఈసారి మా ఆయన పైపుల దుకాణం బాగా నడిచింది. కారు కొందామన్నాడు. దుకాణం ఇంటి కిందనే కాబట్టి ఆయనకు కారుతో పని లేదు. నడిపేది నేను, కారు నాకు. ఇంతవరకు ఏ గొడవా లేదు.

గొడవ హైదరాబాదు నుంచి ఖలీల్ భాయ్ రూపంలో వచ్చింది. ఆయన పాత కార్లు అమ్మిపెడతాడు, మా ఆయనకు దోస్తు. తనొకటి, వాళ్ల తమ్ముడొకటి నడుపుకుంటూ రెండు కార్లు తెచ్చి మా ఇంటి ముందు పెట్టారు. వారం నడిపి చూడండి, నచ్చింది ఉంచుకోండి, రెండోది శనివారం వచ్చి తీసుకుపోతానన్నాడు.

మొదటిది పొట్టి కారు. నలుగురు పడతారు, వెనక డిక్కీ తలుపు పైకి లేస్తుంది. చూస్తే బ్యాంకు ఉద్యోగి కారులా అమాయకంగా ఉంటుంది. కానీ ఇదివరకు దాన్ని నడిపిన సిటీ కుర్రాడు ఇంజన్‌కు ఏదేదో చేయించి, వెడల్పు టైర్లు వేయించి, సైలెన్సర్ తీసేసి ఓ లావుపాటి గొట్టం బిగించాడు. స్టార్ట్ చేయగానే వీధి చివరి టైలర్ మిషన్ ఆపి బయటికొచ్చాడు.

రెండోది ఎర్రటి విదేశీ కారు. రెండే సీట్లు. బట్ట టాపు, వెనక్కి మడిస్తే పైన ఆకాశమే. ఎవరో పెద్దింటివాళ్లు ఎప్పుడో ఓడలో తెప్పించుకున్నారట. "మేడం, ఇది కారు కాదు, ఇజ్జత్" అన్నాడు ఖలీల్ భాయ్, అంటే పరువన్నమాట. మా ఆయన అప్పటికే ఆ ఇజ్జత్‌లో కూర్చుని స్టీరింగు నిమురుతున్నాడు.

ఇజ్జత్‌లో బియ్యం బస్తా పడుతుందా అని అడిగాను. రోజువారీ పనికి ఏది పనికొస్తుందో అదే కొంటామని తేల్చి చెప్పాను. స్టాఫ్‌రూములో కూడా వారమంతా ఇదే చర్చ. తెలుగు సారుకు సైకిలు తప్ప ఏమీ లేదు. అయినా విదేశీ కార్ల సస్పెన్షన్ మీద పీరియడంతా మాట్లాడాడు. ఇంగ్లీషు మేడం మాత్రం, టాపు లేకపోతే జుట్టు సంగతేమిటని ఒకే ప్రశ్న వేసి పేపర్లు దిద్దుకుంది. మొత్తం చర్చలో పనికొచ్చిన మాట అదొక్కటే.

ముందు పొట్టి కారు పరీక్ష. డిక్కీలో బియ్యం బస్తా, వెనక సీట్లో అత్తమ్మ, ఆమె పక్కన గ్యాసు సిలిండరు. అన్నీ పట్టాయి. పెడలు కాస్త నొక్కానో లేదో మార్కెట్ దాటేశాం. అత్తమ్మ సిలిండరును కౌగిలించుకుని కూర్చుంది. దిగాక, "దీపావళి రాకెట్ల కూసున్నట్టున్నది బిడ్డా, జర వత్తి తగ్గియ్యి" అంది. పరవాలేదు. వత్తి తగ్గించడం నా కాలి పని.

తర్వాత ఎర్ర కారు. మా ఆయన పొద్దున తెల్ల చొక్కా వేసుకుని దాంట్లో పోయాడు, మధ్యాహ్నానికి మట్టిరంగు చొక్కాతో తిరిగొచ్చాడు. టాపు వేద్దామంటే అది సగంలో ఆగిపోయింది. ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టి గుంజితే తప్ప పైకి రాదు. అడుగుభాగం నేలకు ఎంత దగ్గరంటే, మా గడప దగ్గరి రాయికి కూడా తగిలింది. ఇంకేం, నేను గెలిచినట్టే. గెలిచానని ఊరుకోవచ్చు కదా? శుక్రవారం సాయంత్రం, న్యాయంగా ఉండాలని, ఆ కారును నేను కూడా ఒకసారి నడిపి చూశాను.

అక్కడే చెడింది. ఊరు దాటగానే ముందు మిరుదొడ్డి బస్సు. నేను రోజూ వేలాడే బస్సు అదే. పక్క నుంచి దాటుతుంటే కిటికీల్లోంచి తలలన్నీ నా వైపు తిరిగాయి. ఏండ్ల తరబడి నా కాళ్లు తొక్కిన బస్సు నోరు తెరిచి నన్ను చూసింది! ఉపయోగం, బియ్యం బస్తా, జుట్టు, అన్నీ ఆ దుమ్ములోనే వెనకబడిపోయాయి.

శనివారం పొద్దున మా ఆయనతో, ఎర్రదే ఉంచుకుందాం, పొట్టిది పంపించెయ్యండి అన్నాను. ఎందుకని అడిగితే ఎక్కడ మనసు మార్చుకుంటానోనని ఆయన గోడ వైపు తిరిగి నవ్వుకున్నాడు. ఖలీల్ భాయ్ వచ్చి, సాయంత్రం నమాజ్ చదువుకుని పొట్టి కారుతో బయలుదేరతాడని చెప్పాడు. నేను ఎర్ర కారులో మిరుదొడ్డి పోయాను.

ఆ రోజు అక్కడ వారపు అంగడి. కాలేజీ అయిపోయాక సీతాఫలాలు తీసుకుందామని బస్టాపు పక్కన నీడలో కారు ఆపాను. టాపు వేయడానికి ఇద్దరు మనుషులు కావాలి కాబట్టి వేయలేదు. పండ్లు ఏరుకుని తిరిగొచ్చేసరికి డ్రైవరు సీటు మీద గళ్ల దస్తీ, అదే చేతిరుమాలు, పక్క సీటులో సొరకాయ తల బయటపెట్టిన సంచి, వెనక మడిచిన టాపు మీద ఓ కోళ్ల గంప. చుట్టూ జనం.

వాళ్ల తప్పేం లేదు. మా దగ్గర టాపు లేని బండి బస్టాపులో ఆగిందంటే అది కిరాయి జీపు. బండి ఏదైనా సరే, ముందు దస్తీ వేసినవాడిదే సీటు. కిటికీలోంచి విసిరిన దస్తీకి ఉన్న విలువ మా రూట్లో రిజిస్ట్రేషన్ కాగితానికి కూడా లేదు.

దస్తీ నర్సింలుది. గొంగళ్ల బేరం చేస్తాడు, రోజూ బస్సులో కనిపించే మనిషే. చంకలో గొంగళ్ల మూట పెట్టుకుని నింపాదిగా నిలబడ్డాడు. సంచీ కోళ్లూ మల్లవ్వ అనే ముసలామెవి. సిద్దిపేటలో బాలింతగా ఉన్న బిడ్డ దగ్గరికి పోతోంది.

"ఇది కిరాయి బండి కాదు నర్సింలూ, నా కారు" అన్నాను.

"కారు మీదేనమ్మా. ఎవలన్న కాదన్నరా? సీటే నాది."

"నా కారులో సీటు నీదెట్లయితది?"

"దస్తీ ఏసిన గదా. పోయిన అంగడి నాడు బస్సుల నన్ను మీరే లేపిన్రు. ‘దస్తీ ముందుగాల నేనేసిన, లే నర్సింలూ’ అన్నరు. నేను లేవలేదా?"

లేచాడు. నిజమే. ఈ రూట్లో దస్తీ చట్టానికి నాకంటే గట్టి కాపలాదారు లేడు. ఎందరిని లేపానో నాకే తెలియదు. వాళ్లలో సగం మంది ఆ నీడలోనే నిలబడి, నేనేమంటానా అని చూస్తున్నారు.

చివరికి చాయ్ హోటలు బెంచీ మీది పెద్దమనిషి ఒకాయన తీర్పు చెప్పాడు. నర్సింలుకు నడపడం రాదు గనుక డ్రైవరు సీటు మీద వేసిన దస్తీ చెల్లదు. అయితే దస్తీ వేసిన మనిషిని వదిలేసి పోవడం కూడా కుదరదు, వెనక కూర్చోబెట్టుకోవాలి. నేను ఆయనకు దండం పెట్టాను. నా కారులో నాకు సీటిచ్చినందుకు!

బయలుదేరాం. పక్కన మల్లవ్వ, వెనక మడిచిన టాపు మీద నర్సింలు, ఆయన ఒళ్లో గంప, గంప మీద గొంగళ్ల మూట. కారు ఇంకా కిందికి దిగింది. ప్రతి గుంతకూ కింద గీసుకుంటోంది. ఊరి పొలిమేర దాటకముందే నాకు జ్ఞానోదయమైంది. పొట్టి కారే కావాలి. అద్దాలు ఎక్కించుకోవచ్చు. చప్పుడుకు ఎవరి మాటా వినపడదు, ఎవరూ దస్తీ వేయలేరు. ఫోను ఇంట్లోనే మరిచిపోయి వచ్చాను, ఖలీల్ భాయ్ కదిలేలోపు ఇల్లు చేరితే చాలు.

కొంచెం వేగం పెంచాను. కోళ్లు అరిచాయి, ఈకలు లేచాయి. ఇంకొంచెం పెంచాను. మూట విప్పుకుని ఓ గొంగడి మొక్కజొన్న చేనులోకి ఎగిరిపోయింది. దాన్ని వెతకడానికి నర్సింలు దిగాడు. దిగేముందు తన జాగాలో దస్తీ వేసి మరీ దిగాడు. ఆయన వచ్చి కూర్చున్నాక మల్లవ్వ రోడ్డు మీద కనిపించిన ప్రతి మనిషినీ పలకరించడం మొదలుపెట్టింది. టాపు లేదు కదా, అందరూ బదులు చెప్తారు. "ఆపు బిడ్డా, మా మరిది కొడుకు" అంది ఒకచోట. ఆపాను. అతను కారు చుట్టూ తిరిగి చూసి, జాగ లేదా అని అడిగి, నేను లేదన్నాక నన్ను అదోలా చూశాడు.

సిద్దిపేటలో నర్సింలు మార్కెట్ దగ్గర దిగాడు. మల్లవ్వను కోళ్లతో నడిపించలేక సందులో ఇంటి గుమ్మం దాకా దింపాను. లోపలికి రమ్మంది, చాయ్ తాగి పొమ్మంది. వద్దంటే కోపమొచ్చి సొరకాయ నా ఒళ్లో పెట్టింది.

మా వీధి మలుపు తిరిగేసరికి పొట్టి కారు ఉన్నచోట నూనె మరక మాత్రమే ఉంది. హైదరాబాదు రోడ్డు వైపు నుంచి దాని చప్పుడు ఇంకా వినిపిస్తోంది. ఎనక పోదామా అన్నాడు మా ఆయన, నా మొహం చూసి. ఎట్లా పోతాం? ఫోను చేసినా ఆ చప్పుడులో ఖలీల్ భాయ్‌కు వినపడదు. ఆ కారును అందుకోగలిగే కారు మా సిద్దిపేటలో ఒక్కటే ఉండేది. అదే వెళ్లిపోతున్నది.

"నువ్వే గదా సరోజా, పంపుమన్నవు" అన్నాడు. ఈ మాట ఆయన ఆ తర్వాత కూడా చాలాసార్లు అన్నాడు, మెల్లగానే.

కాబట్టి ఇప్పుడు రోజూ ఎర్ర కారులోనే పోతున్నాను. జుట్టుకు స్కార్ఫు, ఒళ్లో ఎవరిదో ఒకరి సంచి. బస్సులోనైతే ఎక్కినవాళ్లు కనీసం టికెట్ తీసుకునేవాళ్లు. ఎక్కడ దిగినా ముందు నా సీటు మీద నా దస్తీ వేసి దిగడం నేర్చుకున్నాను. చట్టం తెలిసినదాన్ని కదా, ఇక నా సీటుకు ఢోకా లేదనుకున్నాను.

నిన్న పండ్లు కొనుక్కుని వచ్చి చూస్తే, నా దస్తీ వేసినచోటే ఉంది. దాని కిందికి జరిపి, ముందే వేసినట్టు చక్కగా మడత పెట్టి, ఇంకొకరి దస్తీ.