కాలువ కట్టేసినప్పుడు కట్టిన స్తంభం

2003 ఏప్రిల్‌లో పంచాయతీరాజ్ శాఖ అసిస్టెంట్ ఇంజనీరుగా రాజోలు దగ్గర ఒక చిన్న ఊరికి బదిలీ అయ్యాను. హోదా ఘనంగా వినిపిస్తుంది గానీ, నా కింద ఉన్నవి ఒక వర్క్ ఇన్‌స్పెక్టరు, ఒక టేపు, కాలు విరిగిన ఒక బల్ల. చేరిన వారానికే స్మారక స్తంభం పని అప్పగించారు. అంతకుముందు ఆగస్టులో సరుకు దించడానికి లారీ వెంట దూరాన ఒక నగరానికి వెళ్ళిన అయిదుగురు కొబ్బరి కూలీలు, అక్కడి మార్కెట్లో ఉగ్రవాదులు పెట్టిన బాంబుకు బలయ్యారు. ఏడాది తిరిగే రోజుకి వాళ్ళ పేర్లతో స్తంభం నిలబెట్టాలి.

స్థలం కాలువ గట్టు పక్కన. పునాదికి ముందు నేల ఎంత బరువు ఆపుతుందో చూడటం మా పద్ధతి. చూశాను, రాయిలా ఉంది. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. అప్పుడు నల్లమట్టి ఎండి బిగుసుకుంటుంది. మేస్త్రి వీర్రాజు, "నీళ్ళొదిలేక ఇంకోసారి చూద్దామండి" అన్నాడు. నేను పుస్తకంలోని అంకెలు అప్పజెప్పాను. మర్యాదస్తుడు, "ఆయ్" అని ఊరుకున్నాడు. అలా కాలువ కట్టేసినప్పుడు నేను స్తంభం కట్టేశాను.

జూన్‌లో నీళ్ళు వదిలారు, నల్లమట్టి నాని మెత్తబడింది. జూలై మధ్యకి స్తంభం కాలువ వైపు ఒరిగింది. వీర్రాజు దారానికి ఇనుప గుండు వేలాడదీసి చూపించాడు. గుండు అబద్ధమాడదు. నా తల గుండుగా మారే ప్రయాణం కూడా ఆ నెలలోనే మొదలైంది.

తప్పు నాదేనని డీఈ గారికి, అంటే నా పైఅధికారికి, కాగితం రాశాను. ఆయన వచ్చి, స్తంభం కంటే నేనే ఎక్కువ వంగి ఉన్నానని, విప్పి మళ్ళీ కట్టమని చెప్పారు. ఆవిష్కరణకు మూడు వారాలుంది.

విప్పాలంటే ముందు పేర్లు చెక్కిన నల్లరాతి పలకను దించాలి. అది సిమెంటులో బిగిసి ఉంది. సంగతి తెలిసి సత్యవతమ్మ గారు వచ్చారు. పోయినవాళ్ళలో అందరికంటే చిన్నవాడి తల్లి.

"రాయి విరుగుద్దా బాబూ?"

"జాగ్రత్తగా తీయిస్తానండి."

"జాగ్రత్త సంగతి కాదండి. విరుగుద్దా, విరగదా?"

నేను పలక అంచున బిగిసిన సిమెంటును వేలితో గీకి చూశాను.

"మావోణ్ణి ఒకసారి ముక్కలుగా చూసేనండి. మళ్ళీ చూళ్ళేను."

నా పుస్తకంలో దీనికి అంకె లేదు.

మర్నాడు పొద్దున్నే వీర్రాజు దింపు కూలీలను పిలుచుకొచ్చాడు. చెట్టు మీంచి కొబ్బరి దించేవాళ్ళు. బొండాల గెల నేలన పడితే పగులుతుంది కాబట్టి తాడు కట్టి దించడం వాళ్ళకు అలవాటు. వాళ్ళ పెద్ద సూరన్న పలకను తడిమి చూసి, "ఇంజనీరుగారండీ, తవరు కాస్త అవతలకెళ్ళండి. రాయి విరగదు గానీ తవరి కంగారుకి మా చెయ్యి వణికేలా ఉంది" అన్నాడు. ఉత్తర్వు పాటించాను.

కింద మోకాలెత్తున కొబ్బరిపీచు పరిచారు. పైన సరుగుడు బాదులతో, అంటే పొడుగాటి దుంగలతో, ముక్కాలి కట్టి, పలకకు గోనెలు చుట్టి, తాళ్ళు బిగించారు. వీర్రాజు సన్న ఉలితో అంచుల వెంట సిమెంటు తీశాడు. గంటన్నర పట్టింది. పలక కదలగానే సత్యవతమ్మ గారు కళ్ళు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను, పర్యవేక్షించే అధికారి చేయకూడని పని.

"దిగిందండీ" అన్నాడు సూరన్న.

చెక్కినవి చెక్కినట్టే, అయిదు పేర్లూ చెక్కుచెదరకుండా పీచు మీద ఉన్నాయి. ఆవిడ కొడుకు పేరు మీద అరచేయి ఆనించి, "ఆయ్, బానే ఉన్నాడు" అన్నారు.

పాత స్తంభం విప్పి, సరుగుడు బాదులు నేలలోకి దిగగొట్టి, వాటిమీద కొత్త పునాది వేశాం. అనుకున్న రోజుకే స్తంభం నిలబడింది, మళ్ళీ ఒరగలేదు.

డెల్టాలో నేలను కాలువ పారుతున్నప్పుడు కూడా చూడాలి. లేకపోతే సగమే చూసినట్టు. రిటైరయ్యే దాకా నా ప్రతి అంచనాలోనూ రెండు వరుసలు అదనంగా రాశాను: పరీక్ష రోజున కాలువలో నీళ్ళున్నాయా, మేస్త్రి ఏమన్నాడు.