వంతెన చివర కూర్చున్న వంటమేస్త్రి

వంటమేస్త్రి పోయిన రోజున నలుగురు మోయాల్సిన మనిషిని ఎనిమిది మంది మోశారు. బతికున్నంత కాలం ఆయన బరువు మీద జోకులే. బస్సులో ఆయన పక్క సీటు ఎప్పుడూ ఖాళీ. కూర్చుంటే ఎక్కడ ఒరిగిపోతామోనని జనానికి భయం. మంచం విరిగినప్పుడల్లా భార్య వడ్రంగిని పిలిచి, "ఈసారి ఏనుక్కి సరిపడా చెయ్యి బాబూ" అనేది. ఆ బరువుకి గౌరవం దక్కింది ఒక్కసారే, ఏటి మీద హైవే వంతెన కట్టినప్పుడు.

వంతెనని రెండు ఒడ్ల నుంచీ కట్టుకుంటూ వచ్చారు. ఆయనది ఇవతలి ఒడ్డు క్యాంపులో వంట. కూతురి కాన్పుకని భార్య అవతలి ఒడ్డుకి వెళ్లింది. ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చేసరికి ఏటికి వరదొచ్చి పడవలు ఆగిపోయాయి. మనవరాలిని చూడాలంటే ఇక వంతెన కలవాల్సిందే. ఆ ధ్యాసలో ఆయన రోజూ కూరలో ఉప్పు మర్చిపోయేవాడు. పుట్టి వారమైనా కాని పిల్లని క్యాంపంతా తిట్టుకుంది.

కలిపే రోజు పొద్దున్నే ఇవతలి కొస బెత్తెడు ఎత్తుగా ఉందని తేలింది. బరువు పెట్టి కొసని దించడం ఆ పనిలో మామూలే. నీళ్ల ట్యాంకులు పెట్టారు, ఇసక బస్తాలు పేర్చారు. బస్తాలు అయిపోయాయి గానీ కొస ఇంకా కాస్త దిగాల్సే ఉంది. ఎండెక్కితే ఉక్కు సాగి కథ మొదటికొస్తుంది. చుట్టూ చూసిన ఇంజనీరు చూపు వంటపాక దగ్గర ఆగింది.

"మేస్త్రీ, ఒక్కసారి వచ్చి ఇక్కడ కూర్చో."

"గరిటె పెట్టేసి రానా సార్?"

"పట్టుకునే రా. అదీ బరువే."

ఆయన కొసన చతికిలబడ్డాడు.

"దిగింది! ఇంకొక్క వెంట్రుకవాసి!" అని కేకేశాడు కొలత చూసేవాడు.

"టిఫిన్ తిన్నావా మేస్త్రీ?" అన్నాడు ఇంజనీరు.

"తిన్నాను సార్."

"మళ్లీ తిను."

ఇంతలో అవతలి కొసన భార్య ప్రత్యక్షమైంది, చేతుల్లో పిల్లతో. వెనక అల్లుడు, అల్లుడి తమ్ముళ్లు, వియ్యంకుడు. అందరూ ఎక్కేసరికి ఆ కొస కిందికి కుంగింది.

"చుట్టాల్ని ఎవరయ్యా పిలిచింది? వెనక్కి, వెనక్కి!" అని గోలెత్తాడు ఇంజనీరు.

అందరూ వెనక్కి తగ్గారు. భార్య మాత్రం కదల్లేదు. ఇద్దరి మధ్యా మూరెడు సందు.

"ఏమయ్యా, కూర్చున్నందుకు కూడా జీతమిస్తున్నారా ఇక్కడ?"

"ముందు పిల్లనియ్యవే!"

సందు కింద వల కట్టే ఉంది. అయినా ఆమె పిల్లని అందిస్తుంటే అల్లుడు కళ్లు మూసుకున్నాడు. మేస్త్రి రెండు చేతులా అందుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"సరిపోయింది!" అరిచాడు కొలత చూసేవాడు.

"ఎవరూ కదలొద్దు! బోల్టులు బిగించండి!"

ఆ అరుపులకి పిల్ల ఏడుపు లంకించుకుంది.

"చూసింది చాల్లే, పాలకేడుస్తోంది. ఇలా ఇచ్చెయ్యి," అంది భార్య.

"ఇవ్వొద్దు! ఇస్తే కొస లేస్తుంది," ఇంజనీరు అడ్డుపడ్డాడు. "చివరి బోల్టు బిగిసేదాకా పిల్ల మేస్త్రి ఒళ్లోనే."

మేస్త్రి పిల్ల మీంచి కళ్లు తిప్పకుండానే బోల్టులు బిగించేవాడితో అన్నాడు:

"తొందరేం లేదు నాయనా. నిదానంగా కానీ."