సాక్సుల బాబాయ్ పాట

సాక్సులు తయారుచేసే కంపెనీలో ఆయన ఉద్యోగం నడవడం. ఉన్ని కలిపి అల్లిన పల్చటి కొత్త రకం సాక్సు కుడికాలికి, పాత రకం ఎడమకాలికి తొడుక్కుని, ఏది మేలో చూడటానికి కొండెక్కుతాడు. మర్నాడు అదే బాటలో సైకిలు తొక్కుతాడు. ఆఫీసులో అందరికీ ఆయన సాక్సుల బాబాయ్. ఇదివరకు తోడుగా ఇంకొకాయన వచ్చేవాడు. ఆయన మోకాళ్లు మొరాయించాక బాబాయ్ ఒక్కడే వెళ్తున్నాడు.

పైకి చేరాక బూట్లు విప్పి, వేళ్ల సందుల్లో తడిమి చూసి, ఫోన్లో రికార్డు చేస్తాడు. "కుడికాలు పొడిగానే ఉంది. ఎడమ మడమ దగ్గర చెమ్మ, కాస్త ఒరుసుకుంది." ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి అది విని టైపు చేస్తుంది. ఆ అమ్మాయిని ఆయన ఎప్పుడూ చూడలేదు.

ఒకరోజు ఆమే ఫోన్ చేసింది.

"బాబాయ్ గారూ, రికార్డింగు ఆపడం మర్చిపోయినట్టున్నారు. చివర్లో పాట పాడారు. అదీ టైపు చెయ్యాలా?"

ఆయనకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. "అయ్యో, వద్దమ్మా! ఎవరూ లేరు కదా అని..."

"బాగా పాడారండీ. రెండుసార్లు విన్నాను."

ఆ మాట వారమంతా ఆయన చెవిలోనే ఉంది. మళ్లీ కొండెక్కినప్పుడు తడీ పొడీ చెప్పేసి, ఫోన్ ఆపకుండా బండమీద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. ఒకరు వింటారనుకునేసరికి పాట పెగల్లేదు. కాసేపు గాలి చప్పుడే రికార్డయింది.

"ఇంతేనమ్మా" అని చెప్పి ఆపేశాడు.